సికింద్రాబాద్ నుంచి రాత్రి రైలా, చౌక విమానమా? కుటుంబాలు వేసుకోవాల్సిన అసలు లెక్క

విశాఖలో దగ్గరి బంధువుల ఇంట నికాహ్. సికింద్రాబాద్ నుంచి వెళ్లాల్సింది ఐదుగురు: భార్యాభర్తలు, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న దాదీ. ఫోన్‌లో విమానం టికెట్ చౌకగా కనిపిస్తోంది. ‘గంటలో దిగిపోతాం, రాత్రంతా రైల్లో ఎందుకు?’ అని ఇంట్లో ఒకరంటారు. ‘ఇంత సామానుతో విమానమా?’ అని ఇంకొకరంటారు. పెళ్లిళ్ల సీజన్‌లో, ఈద్ సెలవుల్లో చాలా ఇళ్లలో జరిగే చర్చే ఇది.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే ఫోన్‌లో కనిపించే ధర, విమానం గాల్లో ఉండే సమయం, ఈ రెండింటినే చూసి నిర్ణయిస్తే లెక్క తప్పుతుంది. ఇంటి గుమ్మం నుంచి బంధువుల గుమ్మం దాకా ఎంత ఖర్చవుతుంది, పగటి పూట ఎన్ని గంటలు పోతాయి, పెద్దవాళ్లు ఎలా కూర్చుంటారు, ఎలా పడుకుంటారు అన్నది చూడాలి.

స్టేషన్ ఊళ్లోనే, విమానాశ్రయం ఊరి బయట

సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది 1874లో. నిజాం ప్రభుత్వ హామీతో నడిచిన రైల్వే వాడి జంక్షన్ నుంచి ఇక్కడికి లైను వేసింది. దాంతో హైదరాబాద్ సంస్థానం బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గంతో కలిసింది. 1889 నాటికి ఆ లైను వరంగల్ మీదుగా బెజవాడ చేరింది. తర్వాత 1907లో నాంపల్లి, 1916లో కాచిగూడ స్టేషన్లు వచ్చాయి. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దాని కేంద్ర కార్యాలయం కూడా సికింద్రాబాద్‌లోనే పెట్టారు. ఈ స్టేషన్లన్నీ జనం మధ్యలోనే ఉన్నాయి. ఆటోలో వెళ్లొచ్చు, మెట్రోలో వెళ్లొచ్చు, దగ్గరివాళ్లు నడిచి కూడా వెళ్తారు.

విమానాశ్రయం కూడా ఒకప్పుడు పక్కనే ఉండేది. బేగంపేట నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు పట్టే సమయం నిమిషాల్లోనే. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి. అక్కడి రన్‌వే పెద్దది, విమానాలు ఎక్కువ, సౌకర్యాలూ బాగా పెరిగాయి. కానీ సికింద్రాబాద్, మల్కాజిగిరి, తార్నాక వైపు కుటుంబాలకు విమానాశ్రయం ముప్పై కిలోమీటర్లకు పైగా దూరమైంది. పుష్పక్ బస్సులున్నా, పిల్లలూ సామానూ ఉంటే చాలామంది క్యాబ్ వైపే చూస్తారు.

చౌక విమానాలు ఊపందుకున్నదీ దాదాపు అదే కాలంలో. 2003లో ఎయిర్ దక్కన్ బెంగళూరు–హుబ్లీ మధ్య మొదలైంది. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చాయి. 2017 ఏప్రిల్ 27న కేంద్రం ఉడాన్ పథకం కింద తొలి విమానాలను ప్రారంభించినప్పుడు అందులో కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ మార్గాలున్నాయి. సుమారు గంట ప్రయాణానికి కొన్ని సీట్లను 2,500 రూపాయలకే ఇవ్వాలన్నది ఆ పథకం ఉద్దేశం. కడప, నాందేడ్ రెండూ మన జంటనగరాల వాళ్లు తరతరాలుగా రాత్రి రైలెక్కి వెళ్లే ఊళ్లే. అంటే విమానం నేరుగా రాత్రి రైలుతోనే పోటీకి దిగిందన్నమాట.

టికెట్ ధర వేరు, ప్రయాణం ఖర్చు వేరు

మొదట చెప్పిన కుటుంబం లెక్కే వేద్దాం. సికింద్రాబాద్ నుంచి విశాఖకు రైలు దారి సుమారు 700 కిలోమీటర్లు. స్లీపర్ బెర్త్ ఐదు వందల రూపాయల లోపే. మూడేళ్ల పాపకు వేరే బెర్త్ తీసుకోకపోతే టికెట్ అక్కర్లేదు, ఎందుకంటే రైల్లో ఐదేళ్ల లోపు పిల్లలకు ఉచితం. ఏడేళ్ల బాబుకు బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ, పెద్దల బెర్త్‌లో సర్దుకుంటే సగం. 2016 నుంచి ఇదే నియమం. నాలుగు బెర్తులు తీసుకున్నా ఒకవైపు ప్రయాణం రెండు వేల లోపు అయిపోతుంది. థర్డ్ ఏసీ అయితే అంతకు రెండున్నర రెట్ల పైన.

అదే విమానంలో రెండేళ్లు దాటిన పిల్లలకు సీటు కొనాల్సిందే. ఒక్కో టికెట్ 3,000 రూపాయలకు దొరికిందనుకున్నా ఐదుగురికి 15,000. దానికి ఇక్కడి క్యాబ్, అక్కడి క్యాబ్, కోరుకున్న సీటుకు కొన్ని సంస్థలు తీసుకునే అదనపు రుసుము, విమానాశ్రయంలో పిల్లల తిండి కలపాలి. పెళ్లి రోజులు, సంక్రాంతి, ఈద్ దగ్గర పడితే ఆ మూడు వేలు మూడు వేలుగా ఉండవు. విమానం ఛార్జీ డిమాండ్‌ను బట్టి రోజూ మారుతుంది. మామూలు ఎక్స్‌ప్రెస్ రైలు స్లీపర్ ఛార్జీ మాత్రం ఈ రోజు బుక్ చేసినా నెల తర్వాత బుక్ చేసినా ఒకటే, తత్కాల్‌కు వెళ్తే తప్ప.

ఒంటరిగా వెళ్లే ఉద్యోగికి ఈ తేడా అంత బరువు కాదు. ఐదుగురికి మాత్రం రానూపోనూ ఇరవై, ముప్పై వేల తేడా వస్తుంది. పెళ్లిలో ఇవ్వాల్సిన కానుక, పిల్లల స్కూలు ఫీజు అందులోంచే రావాలి.

సామాను సంగతి. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ ఒక్కో పెద్ద ప్రయాణికుడికి 40 కిలోల దాకా ఉచితం, సెకండ్ ఏసీలో 50 కిలోలు. దేశీయ విమానాల్లో సాధారణంగా 15 కిలోల పెట్టె, చేతిలో 7 కిలోలు. ఐదు టికెట్లుంటే కిలోల మొత్తం మరీ తక్కువేం కాదు. ఇబ్బంది వచ్చేది నెయ్యి డబ్బా, పచ్చడి జాడీ లాంటి వాటితో. వాటిని చేతి సంచిలో పెట్టుకుంటే భద్రతా తనిఖీలో ఆపుతారు. రైల్లో అయితే బెర్త్ కింద పెట్టుకుని తీసుకుపోవచ్చు. అయితే గ్యాస్ సిలిండర్, కిరోసిన్, టపాసులు రైల్లో తీసుకెళ్లడం నేరం. దానికి జైలు శిక్ష కూడా ఉంది.

గంటల లెక్క ఎలా వేయాలి?

హైదరాబాద్–విశాఖ విమానం గాల్లో ఉండేది గంటా పావు. కానీ దేశీయ విమానాలకు చాలా సంస్థలు గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి. కాబట్టి రెండు గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలి. సికింద్రాబాద్ నుంచి ట్రాఫిక్‌లో మరో గంటో, గంటన్నరో. దిగాక సామాను కోసం ఆగడం, ఊళ్లోకి వెళ్లడం ఉంటాయి. మొత్తం ఐదారు గంటలవుతుంది, అదీ మెలకువగా ఉండే సమయం. భోగాపురంలో విశాఖ కోసం కట్టిన కొత్త విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్లకు పైగా దూరం. విమానాలు అక్కడి నుంచి నడిస్తే రెండు వైపులా దూరమే.

గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బయలుదేరి తెల్లవారేసరికి విశాఖ చేరుతుంది. ఈ రైలు 1974లో మొదలైంది, యాభై ఏళ్లు దాటింది. పన్నెండు గంటలకు పైగా ప్రయాణమే, కానీ అందులో ఏడెనిమిది గంటలు నిద్ర. ఆఫీసు, దుకాణం పని చూసుకుని ఎక్కొచ్చు. తెల్లారి దిగితే పగలంతా చేతిలో ఉంటుంది. హోటల్ గదికి ఒక రాత్రి డబ్బు కూడా మిగులుతుంది. ఉదయం పరీక్ష, ఇంటర్వ్యూ, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లు రాత్రి రైలెక్కడానికి కారణం ఇదే.

పగటి రైలుతో పోల్చినా ఈ తేడా తెలుస్తుంది. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుతుంది. గోదావరి కన్నా వేగమే, కానీ ఆ ఎనిమిదిన్నర గంటలూ కూర్చునే ఉండాలి.

ఏ ఊరికి ఏది?

రాత్రి రైలుకు సరిపోయే దూరం సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు. రాత్రి తిని పడుకుంటే పొద్దున దిగేంత దూరం అన్నమాట.

విశాఖ, కాకినాడ, నర్సాపురం: గోదావరి, గౌతమి, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లు ఈ వైపు ఏళ్లుగా నడుస్తున్నాయి. విశాఖకు గరీబ్ రథ్, దురంతో కూడా ఉన్నాయి. నర్సాపురం, భీమవరం లాంటి ఊళ్లకు విమానంలో వెళ్లినా మళ్లీ బస్సో కారో తప్పదు.

నెల్లూరు: రొట్టెల పండుగకు బారా షహీద్ దర్గాకు వెళ్లేవారికి సింహపురి, చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లు దారి. ఆ రోజుల్లో బెర్తులు త్వరగా అయిపోతాయి.

కడప, తిరుపతి: కాచిగూడ నుంచి వెంకటాద్రి కర్నూలు, కడప మీదుగా వెళ్తుంది. కడప పెద్ద దర్గాకు, అక్కడి బంధువుల ఇళ్లకు వెళ్లేవారికి ఇది తెలిసిన రైలే. నల్గొండ, గుంటూరు మీదుగా తిరుపతికి నారాయణాద్రి ఉంది.

ఔరంగాబాద్, ముంబై: దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా ముంబై చేరుతుంది. నేరుగా ముంబైకి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్.

విజయవాడ: దూరం సుమారు 350 కిలోమీటర్లే. రాత్రి రైలెక్కితే చాలాసార్లు తెల్లవారకముందే లేవాల్సి వస్తుంది. పగటి రైలో, బస్సో మేలు. విమానం వల్ల కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు.

ఢిల్లీ, అజ్మీర్: ఢిల్లీ 1,600 కిలోమీటర్లు దాటుతుంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజుకు పైగా పడుతుంది. అజ్మీర్ ఇంకా ఎక్కువ. సెలవు తక్కువగా ఉన్నవారికి ఇక్కడ విమానమే నయం. డబ్బు తక్కువ, సమయం ఎక్కువ ఉన్నవారికి రైలు.

దాదీకి కింది బెర్త్, ఆడపిల్లలకు భద్రత

ఇంట్లో పెద్దవాళ్లుంటే రైలు ప్రయాణం సుఖమా కష్టమా అన్నది కింది బెర్త్ మీద ఆధారపడుతుంది. 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 ఏళ్లు దాటిన స్త్రీలకు, గర్భిణులకు కింది బెర్తుల కోటా ఉంది. అయితే ఒకే టికెట్‌పై కుటుంబమంతా ఉంటే ఆ కోటా వర్తించకపోవచ్చు. పెద్దవాళ్లిద్దరికే వేరుగా బుక్ చేస్తే కింది బెర్త్ దొరికే అవకాశం ఎక్కువ. ఒకప్పుడున్న వృద్ధుల రాయితీ (పురుషులకు 40 శాతం, స్త్రీలకు 50 శాతం) 2020 మార్చిలో ఆగిపోయింది. దాన్ని నమ్ముకుని లెక్క వేయొద్దు.

స్లీపర్‌లో ఒంటరిగా లేదా ఆడవాళ్లు మాత్రమే కలిసి వెళ్లేటప్పుడు ఆరు బెర్తుల మహిళా కోటా ఉంది. 2020లో రైల్వే రక్షణ దళం ‘మేరీ సహేలీ’ మొదలుపెట్టింది. ఒంటరిగా వెళ్లే మహిళలను సిబ్బంది బోగీలో పలకరించి, గమ్యం చేరేదాకా కనిపెట్టుకునే ఏర్పాటు అది. ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయొచ్చు.

పర్దా పాటించే కుటుంబాలు ఎదురెదురుగా ఉండే ఆరు బెర్తులూ కలిపి తీసుకుంటే నిశ్చింతగా ఉంటుంది. సెకండ్ ఏసీలో బెర్త్‌కు తెర ఉంటుంది, స్లీపర్‌లో ఉండదు. మధ్య బెర్త్ వేసుకోడానికి నియమం ప్రకారం సమయం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. ఈ మాట తెలిస్తే పక్కవాళ్లతో గొడవ రాదు.

తిండి, నమాజు, రంజాన్ ప్రయాణం

హలాల్ తిండి గురించి పట్టింపు ఉన్న ఇళ్లలో రైలెక్కేముందే టిఫిన్ క్యారియర్ సిద్ధమవుతుంది. ఖీమా, రోటీ, పెరుగన్నం, పిల్లలకు అరటిపళ్లు. రైల్లో దొరికే మాంసం గురించి సందేహముంటే ఇంటి తిండే మేలు. పైగా ఖర్చూ తక్కువ.

వుజూకు బోగీ చివర వాష్‌బేసిన్ ఉంటుంది. నీళ్లు అయిపోవడం కొత్తేం కాదు, కాబట్టి ఒక సీసా వేరుగా పెట్టుకోవాలి. ఖిబ్లా దిశ ఫోన్‌లో చూసుకోవచ్చు, కానీ మలుపుల్లో రైలు దిశ మారుతుంది. ప్రయాణికుడికి ఖస్ర్ నమాజు, రోజాను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఉన్నాయి. వాటి వివరాలు తెలిసిన ఆలిమ్‌ను ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. నమాజు కోసం తలుపుల దగ్గర దారికి అడ్డంగా నిలబడితే తోటివారికి ఇబ్బంది. బెర్త్ దగ్గరే వీలు చూసుకోవాలి.

రంజాన్‌లో రాత్రి రైలెక్కేవారు ఇఫ్తార్ స్టేషన్‌లోనో, రైల్లోనో చేయాల్సి రావచ్చు. సెహ్రీకి మాత్రం పాంట్రీని నమ్ముకోకుండా ఖర్జూరం, బ్రెడ్, గుడ్లు, నీళ్లు వెంట ఉంచుకోవాలి. ఫోన్ ఛార్జింగ్ రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు ఆపేస్తారు. సెహ్రీ అలారం పెట్టుకునేవారు ముందే ఛార్జ్ చేసుకోవాలి.

విమానమే సరైనదయ్యే వేళలు

జనాజా కబురు వస్తే లెక్కలు వేసే సమయం ఉండదు. ఖననం ఆలస్యం చేయకూడదన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాట. కన్నతల్లి ముఖం చివరిసారి చూడాలంటే పొద్దున కబురు తెలిసినవారికి సాయంత్రం రైలు పనికిరాదు. అప్పుడు ఎంత ధర అయినా విమానమే. అదే కబురు రాత్రి విమానాలు అయిపోయాక వస్తే, స్టేషన్‌లో సిద్ధంగా ఉన్న రైలు తెల్లారేసరికి చేరుస్తుంది. కాబట్టి సొంత ఊరికి ఆఖరి విమానం ఎప్పుడు, ఆఖరి రైలు ఎప్పుడు అన్నది ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి.

ఆపరేషన్ అయినవారు, రాత్రి పలుమార్లు లేవాల్సిన వృద్ధులు, వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం, ఒకటి రెండు రోజులే సెలవున్న ఒంటరి ప్రయాణికులు: వీరికీ విమానమే నయం.

రాత్రి రైలుకు లోపాలు లేవని కాదు. మరుగుదొడ్లు తెల్లారేసరికి వాడలేని స్థితికి రావచ్చు. రైలు ఆలస్యమైతే ఉదయం పరీక్ష పోతుంది. చెప్పులు, ఫోన్లు, బ్యాగులు దొంగతనం అవుతాయి. అన్నిటికన్నా పెద్ద సమస్య బెర్త్ దొరకకపోవడం. వెయిటింగ్ లిస్ట్ టికెట్‌తో రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు. ఆర్‌ఏసీ వస్తే ఎక్కొచ్చు కానీ సైడ్ లోయర్ బెర్త్‌ను ఇద్దరు పంచుకోవాలి.

చవక బెర్త్ ఎటు పోతోంది?

ఇప్పుడు సామాన్య బెర్త్‌గా కనిపించే స్లీపర్ వెనుక చాలా చరిత్ర ఉంది. ఒకప్పుడు కింది తరగతిలో పడుకునే చోటంటే చెక్క బల్లే. 1977–79 మధ్య రైల్వే మంత్రిగా ఉన్న మధు దండవతే ఆ బల్లలపై రెండంగుళాల ఫోమ్ పరుపు వేయించడం మొదలుపెట్టారు. పేదవాడూ నిద్రపోతూ ప్రయాణించాలన్న ఆలోచన అది.

యూరప్‌లో చౌక విమానాల దెబ్బకు రాత్రి రైళ్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. జర్మనీ రైల్వే 2016 డిసెంబర్‌లో తన స్లీపర్ రైళ్లను ఆపేసింది. అందులో కొన్ని మార్గాలను ఆస్ట్రియా రైల్వే తీసుకుని ‘నైట్‌జెట్’ పేరుతో నడిపింది. పర్యావరణం మీద శ్రద్ధ పెరిగాక అక్కడి జనం మళ్లీ రాత్రి రైళ్లు అడుగుతున్నారు. కరెంటుతో నడిచే రైలు ఒక్కో ప్రయాణికుడి లెక్కన విమానం కన్నా చాలా తక్కువ కాలుష్యం చేస్తుంది.

మన దగ్గర రాత్రి రైలు ఆగలేదు, పండగొస్తే బెర్త్ దొరకనంత గిరాకీ ఉంది. మారుతున్నది లోపలి బోగీలు. కొత్త ఎల్‌హెచ్‌బీ బోగీలు వచ్చాక చాలా ఎక్స్‌ప్రెస్‌లలో స్లీపర్ బోగీలు తగ్గి థర్డ్ ఏసీ బోగీలు పెరిగాయి. 2026 జనవరిలో హౌరా–కామాఖ్య మధ్య మొదలైన తొలి వందే భారత్ స్లీపర్‌లో అన్నీ ఏసీ బోగీలే. మరోవైపు 2023 డిసెంబర్‌లో మొదలైన అమృత్ భారత్ రైళ్లలో ఏసీ లేని స్లీపర్, జనరల్ బోగీలున్నాయి. రెండింటిలో ఏవి ఎక్కువ నడుస్తాయన్న దాన్ని బట్టే మన కుటుంబాల ప్రయాణం ఖర్చు తేలుతుంది. స్లీపర్ దొరక్క థర్డ్ ఏసీ కొనాల్సి వస్తే నలుగురికి రెండు వేల లోపు అయ్యే ప్రయాణం ఐదు వేల దగ్గరికి పోతుంది. ఆ స్థితిలో విమానంతో తేడా తగ్గుతుంది కానీ, మన జేబుకు భారం తగ్గదు. స్లీపర్ బెర్త్ మాత్రమే కొనగల కుటుంబం జనరల్ బోగీలో నిలబడి వెళ్తుంది, లేదా ఆ పెళ్లికి వెళ్లడమే మానుకుంటుంది.

బయలుదేరే ముందు

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 నవంబర్ 1కి ముందు 120 రోజులుండేది. నికాహ్ తేదీ ఖాయమైన రోజే ఈ లెక్క చూసుకోవాలి.

తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు మొదలవుతుంది. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధృవీకరణ తప్పనిసరి. ఖాతాను ముందే ఆధార్‌తో కలిపి ఉంచుకోవాలి.

ఎక్కాల్సిన స్టేషన్ పేరు టికెట్‌పై మరోసారి చూడాలి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. 2025 జనవరి 6న ప్రారంభమైన ఆ కొత్త టెర్మినల్ ఊరి తూర్పు అంచున ఉంది. అలవాటు కొద్దీ సికింద్రాబాద్ వెళ్లి నిలబడితే రైలు పోతుంది. చర్లపల్లికి ఆటో ఖర్చు, సమయం కూడా లెక్కలో కలపాలి.

విమానమైతే మొత్తం ఖర్చు (టికెట్లు, సీట్లు, సామాను, రెండు వైపులా క్యాబ్) ఒక కాగితంపై రాసి కూడాలి. చౌక టికెట్ రద్దు చేస్తే చాలావరకు డబ్బు తిరిగి రాదని గుర్తుంచుకోవాలి.

వెళ్లేది ఒక విధంగా, వచ్చేది ఇంకో విధంగా అయినా తప్పు లేదు. సామానుతో, కుటుంబంతో రైల్లో వెళ్లి, సోమవారం ఉద్యోగానికి హాజరవ్వాల్సిన ఒక్కరే విమానంలో తిరిగి రావొచ్చు. మొదట చెప్పిన ఐదుగురికీ ఇదే సరిపోతుంది: దాదీకి కింది బెర్త్ ఖాయమైతే రాత్రి రైలు, కాకపోతే దాదీకీ తోడుగా ఒకరికీ విమానం, మిగతావారికి స్లీపర్.